ఏడంగుళాల మెట్టు

నీటి విభాగం కార్యాలయం, మూడో అంతస్తు
సోమవారం, ఎండలు ముదిరాక

అక్కా,

నీ ఎడమ చెవి ఎలాగూ పని మానేసింది. కుడి చెవి నా గొంతు వినగానే పని మానేస్తుంది. అందుకని ఫోన్ జోలికి పోకుండా ఉత్తరమే రాస్తున్నాను. కంప్యూటర్లో కొట్టి పంపితే ఆఫీసు నోటీసులా ఉందంటావు కాబట్టి చేత్తోనే రాస్తున్నాను. అర్థం కాని చోట డాక్టర్ల చీటీలు చదివిన అనుభవం వాడుకో.

నా ప్లాన్ పాసయింది! ఐదేళ్ళు ఈ బల్ల నుంచి ఆ బల్లకు తిరిగిన ఫైలు. ఎండాకాలంలో ఈ ఊళ్ళో ట్యాంకర్ వస్తే బకెట్లు పట్టుకుని జనం ఎలా పరిగెడతారో నువ్వూ చూశావు. అదే వీధిలో వానొస్తే మోకాలి లోతు నీళ్ళు. మూడు గంటలు ఓపిక పడితే అవన్నీ కాలువలో పడి నదిలోకి పోతాయి. ఇక పోవు. బడి పక్క ఆటస్థలం కింద పెద్ద ట్యాంకు కడుతున్నాం. వీధుల్లో పడ్డ వాన నీళ్ళు ముందు ఒక గుంటలోకి చేరాక మడ్డి అడుక్కి దిగుతుంది, తరువాత ఇసుకలో వడకట్టి ట్యాంకులో నింపుతాం. తాగడానికి కాదు. పార్కులకూ, ఆసుపత్రి మరుగుదొడ్లకూ, బస్సులు కడగడానికీ. తాగే నీళ్ళతో బస్సులు కడిగే ఊరు మనది. నాకు తల కొట్టేసినట్టుండేది.

నీళ్ళను తోడే మోటార్లు కూడా అక్కర్లేదు. వాలు మీద వాటంతటవే పారి ట్యాంకులో పడతాయి. ఆ వార్డులో వాన కాలువలు నాన్న హయాంలో వేసినవే కదా. ఎక్కడ ఎంత లోతు, ఎంత వాలు అన్నీ ఆయన లెవెల్ పుస్తకంలో ఉన్నాయి. అన్నిటికీ మొదలు మన పాత క్వార్టర్సు వాకిట్లో రాతిమెట్టు మీద ఉలితో చెక్కిన గుర్తు. ఆ మెట్టు ఎత్తు ఇంత అని ఆయన ఒకసారి రాశారు. చుట్టుపక్కల ఏది కొలవాలన్నా అక్కడి నుంచే కొలవాలి. నా ట్యాంకులోకి నీళ్ళు పడే మూతిని కూడా అక్కడి నుంచే కొలిచి పెడతాం.

నాన్న ఆ మెట్టు మీద ఏనాడూ కాలు పెట్టేవారు కాదు, గుర్తుందా? చంకలో గొడుగు, చేతిలో సంచీ ఉన్నా సరే, దాటే వెళ్ళేవారు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి చెబుతుంటాను, పని మీద గౌరవం అంటే అదీ అని.

ఆయన రెండో లెవెల్ పుస్తకం నీ పెట్టెలో ఉందేమో చూడు. ఉంటే పంపించు.

నీ తమ్ముడు

*

మందుల షాపు వెనక గది
శుక్రవారం

చిన్నోడా,

నీ అక్షరాల ముందు డాక్టర్లు చాలా నయం. అయినా రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక, రెండోసారి సంతోషానికి.

మా షాపులో నాతో పనిచేసే అమ్మాయికి చదివి వినిపించాను. "మీ తమ్ముడుగారు వాన నీళ్ళు కూడా వదలరా మేడమ్?" అంది. చిన్నప్పుడు స్నానం చేయమంటే మంచం కింద దూరేవాడు, ఇప్పుడు ఊరందరి నీళ్ళూ తనకే కావాలంటున్నాడు అని చెప్పాను. నాన్న ఉంటే నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగేవారు. పైకి మాత్రం "ఏముందిలే, వాడి పని వాడు చేశాడు" అనేవారు.

పుస్తకం దొరికింది, పంపుతున్నాను. అట్ట ఊడింది, జాగ్రత్త.

ఒక మాట. నలభై ఏళ్ళ కిందటి అంకెలు కదా. మీ వాళ్ళచేత అన్నీ మళ్ళీ ఒకసారి కొలిపించు. పాత చీటీ చూసి మందు ఇవ్వకూడదని మాకొక నియమం ఉంది. మీకూ ఉండే ఉంటుంది.

వేళకు తిను. ఆఫీసులో ఆ టీలు తగ్గించు.

అక్క

*

ఆటస్థలం, సైటు ఆఫీసు రేకుల గది
బుధవారం

అక్కా,

పుస్తకం చేరింది. నీ నియమం మాకూ ఉంది తల్లీ, కొలిపించాను. దాంతోనే వచ్చింది తంటా.

మా దగ్గర ఒక లెవెలాయన ఉన్నాడు. నేల ఎత్తుపల్లాలు కొలిచే పని. ముప్పయి మూడేళ్ళ సర్వీసు, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. మాట తక్కువ, చాదస్తం ఎక్కువ. ఆయన ఊరి చివర నీళ్ళ టవరు దగ్గరున్న గుర్తు నుంచి కొలుచుకుంటూ వచ్చి మన మెట్టు దగ్గర లెక్క ముగించాడు. అప్పుడు, "మెట్టు పుస్తకంలో ఉన్నదానికంటే ఏడంగుళాలు ఎత్తుంది సార్" అన్నాడు. మళ్ళీ కొలవమన్నాను. మళ్ళీ ఏడంగుళాలే. "నాలుగు రోజులు టైమివ్వండి సార్, ఇంకో దారిలో వచ్చి చూస్తాను. మీరూ ఒకసారి వచ్చి మెట్టు చూడండి" అన్నాడు.

నాలుగు రోజులా! వానలు వచ్చేలోపు ట్యాంకు మూతి కట్టకపోతే ఈ ఏడు నీళ్ళన్నీ మళ్ళీ నది పాలు. ఒళ్ళు మండింది. "రాతిమెట్టు మొలకెత్తిందా ఏమిటండీ, ఏడంగుళాలు పెరగడానికి?" అన్నాను. గదిలో ఆరుగురున్నారు, అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఆ గుర్తు పెట్టింది మా నాన్న. ఆయన అంకె తప్పదు. మీ పరికరమే ఎక్కడో తప్పుతోంది. పుస్తకం అంకెకి సరిపెట్టి రాయండి" అని గట్టిగా చెప్పాను. తరువాత తన కొలత మీద ఒక్క గీత కొట్టి, పైన నాన్న అంకె రాసి, పక్కన సంతకం పెట్టాడు. చెరపకూడదు, గీతే కొట్టాలి. అది వాళ్ళ పద్ధతి.

ఇంకో మంచి పని కూడా చేశాను. మన క్వార్టర్సు వెనక సందులోంచి నదికి పోయే పాత దారిని సిమెంటుతో మూయించాను. ఒక్క చుక్క కూడా పోకూడదు. ట్యాంకు నిండితే పొంగు నీరు పోవడానికి ట్యాంకు అవతల దారి పెట్టాం.

నువ్వు ఆ ఇంట్లో నాకంటే పన్నెండేళ్ళు ముందునుంచీ ఉన్నావు. ఆ మెట్టు ఎప్పుడైనా కదిపారా? కదపలేదని నాకు తెలుసనుకో. అయినా ఆ లెవెలాయన రోజూ నన్నదో రకంగా చూస్తున్నాడు. "మా అక్క కూడా చెప్పింది" అంటే ఊరుకుంటాడు. ఒక్క ముక్క రాయి.

తమ్ముడు

*

మందుల షాపు వెనక గది
ఆదివారం, రెండు వారాల తరువాత

చిన్నోడా,

ఆలస్యమైంది. షాపులో సరుకు లెక్క చూసే రోజులు. గడువు తీరిన సీసాలన్నీ వేరు చేసి పెట్టెలకెత్తడంతో నడుము పట్టేసింది. చెవి డాక్టరు కొత్త మిషను పెట్టుకోమంటున్నాడు. ఇన్నాళ్ళూ వినకుండా పోయినదాంట్లో నష్టమేమీ కనబడలేదు, ఆలోచిద్దాం అన్నాను.

మెట్టు సంగతి అడిగావు. నాన్న లెక్క తప్పని ఆయన బతికుండగా ఎవరూ అనలేదు. నాకు తెలిసినంతవరకు అంతే.

పనిలో మనుషుల్ని కసురుకోకు. పెద్దాయన అంటున్నావు కదా, ఆయన చెప్పినట్టు ఇంకోసారి చూడనివ్వరాదూ.

అక్క

*

నీటి విభాగం కార్యాలయం, మూడో అంతస్తు
గురువారం, మొదటి వాన పడ్డ పది రోజులకి

అక్కా,

పేపర్లో చూసే ఉంటావు.

పోయిన వారం సోమవారం మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. గొడుగేసుకుని ఆటస్థలం దగ్గర నిలబడ్డాను, నీళ్ళు ట్యాంకులో పడటం నా కళ్ళతో చూడాలని. ఫొటో తీయడానికి ఒకర్ని కూడా పిలిపించాను. మూతి దగ్గరికి నీళ్ళు వచ్చాయి, ఆగాయి. లోపలికి పోలేదు. పావుగంటకి వెనక్కి మళ్ళాయి. పాత దారి మూసేసి ఉంది కాబట్టి వాటికి పోయే చోటు లేదు. మన క్వార్టర్సు వెనక పల్లపు సందు గుర్తుందిగా, నీళ్ళన్నీ అందులోకి చేరాయి. నడుముల దాకా వచ్చాయి. పదకొండు ఇళ్ళు మునిగాయి. సందు మొదట్లో పుస్తకాలకు అట్టలు వేసే భార్యాభర్తలున్నారు. వాళ్ళ గదిలో గ్రంథాలయం వాళ్ళు బైండింగుకిచ్చిన పాత పుస్తకాలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆయన మంచంలో ఉన్న తల్లిని బల్ల మీదికి ఎక్కించేలోపు పుస్తకాలన్నీ తడిసిపోయాయి. ఆ ముసలావిడకు నిమ్ము చేసి ఆసుపత్రిలో ఉంది. సాయంత్రం ఐదింటికి సిమెంటు పగలగొట్టించి పాత దారి తెరిపించాను.

విచారణ సంఘం వేశారు. ట్యాంకు మూతి ఉండాల్సినదానికంటే ఏడంగుళాలు పైన ఉందని తేలింది. కాలువ నుంచి ట్యాంకుకి ఉన్న వాలే నాలుగంగుళాలు. ఇక నీళ్ళు ఎలా ఎక్కుతాయి? లెవెలాయన పుస్తకంలో కొట్టివేత కనబడింది, పక్కన ఆయన సంతకం. ఆయన్ని సస్పెండ్ చేశారు. తన కొలతను తనే ఎందుకు దిద్దుకున్నాడో ఆయనకే తెలియాలి. నన్ను అడిగితే రికార్డులో ఉన్నదే నాకూ తెలుసన్నాను. ఆయన ఏమీ అనలేదు. సంఘం ముందు చేతులు కట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

ఆయన ఏదో అనుంటే బాగుండేది.

తమ్ముడు

*

మందుల షాపు వెనక గది
శనివారం

చిన్నోడా,

"తన కొలతను తనే ఎందుకు దిద్దుకున్నాడో ఆయనకే తెలియాలి." ఈ వాక్యం ఎవరికోసం రాశావు? నీ పోయిన ఉత్తరం నా సొరుగులో ఉంది. "పుస్తకం అంకెకి సరిపెట్టి రాయండి అని గట్టిగా చెప్పాను" అని నీ చేతిరాతే. ఆరుగురు నవ్వారని కూడా రాశావు. ఆ ఆరుగురూ ఇప్పుడు నోరు మెదపడం లేదు కాబోలు.

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను కానీ ఇంతకంటే ముందుకు పోవడం లేదు. నిన్ను తిట్టే ముఖం నాకు లేదు.

ఆ మెట్టు కదిపారు.

నీకప్పుడు ఏడో నెల. ఆ ఏడు వానకి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. నువ్వు నేల మీద పరుపులో పడుకుని ఉన్నావు. అమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి పరుపు అంచులు తడిసిపోయాయి, నువ్వు మాత్రం హాయిగా నిద్రపోతున్నావు. మర్నాడు నాన్న సెలవు పెట్టి, గడ్డపారతో ఆ రాతిమెట్టును లేపి, కింద రెండు వరసల ఇటుక కట్టి, మళ్ళీ దాన్నే పైన పెట్టారు. ఇటుకలు అందించింది నేను. రాయి అదే, గుర్తూ అదే. ఎత్తు మాత్రం మారింది.

సిమెంటు పూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయారు. గుర్తు కేసి చూసి, "అయ్యో, ఇది ఆఫీసుది కదా" అన్నారు. ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయన్న కంగారులో ఆ సంగతే మరిచిపోయారు. "వానలు తగ్గాక కొత్త ఎత్తు రాసేస్తాలే" అన్నారు. వానలు తగ్గాయి. ఈ వారం, పై వారం అంటూ రాయలేదు. ఆఫీసు గుర్తు చెప్పకుండా కదిపితే ఉద్యోగం పోయేంత తప్పని నాకు అప్పుడు తెలియదు. తరువాతి ఏడు ఎదురు వీధిలో ఒక కాలువ వేస్తే నీళ్ళు పారలేదు. తవ్వి మళ్ళీ వేశారు. మళ్ళీ పారలేదు. ఎందుకో ఎవరికీ అంతు పట్టలేదు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా అలాగే ఉండిపోయారు. తరువాత నన్ను పెరట్లోకి పిలిచి, "ఎవరికీ చెప్పకు తల్లీ, నా పరువు పోతుంది" అన్నారు. పదమూడేళ్ళ పిల్లని బతిమాలారురా ఆయన. ఆ ముఖం నేను మళ్ళీ చూడలేకపోయాను.

ఆ మెట్టు మీద కాలు పెట్టకపోవడం గౌరవం కాదు. సిగ్గు. నువ్వు కొత్తవాళ్ళకి చెప్పే కథ నాకు రాసినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. మళ్ళీ కొలిపించమని దొడ్డిదారిన చెప్పి చేతులు దులుపుకున్నాను. నువ్వు కదిపారా అని సూటిగా అడిగావు. రెండు వారాలు ఆ కాగితం దగ్గర పెట్టుకుని నీళ్ళు నమిలాను. చచ్చిపోయినాయన పరువు ముందు, ముక్కూ ముఖం తెలియని లెవెలాయన నాకు కనబడలేదు. ఆ సందూ కనబడలేదు. మందు తప్పుగా ఇస్తే మనిషి పోతాడని ముప్పయ్యేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నాను. నేను చేసిందేమిటి?

ఆ ముసలావిడ ఎలా ఉందో రాయి.

అక్క

*

ఇల్లు
మంగళవారం

అక్కా,

ముసలావిడ కోలుకుంటోంది. ఇంటికి పంపారు.

ఒక్క ముక్క రాయమన్నాను కదా. ఒకే ఒక్క ముక్క. "కదిపారు" అని రాసుంటే అయిపోయేది. నా కట్టడం బాగుండేది, ఆ పదకొండు ఇళ్ళు పొడిగా ఉండేవి, ఆయన ఉద్యోగం ఉండేది. ఇప్పుడేమో నేను రాసిన ఉత్తరాలు సొరుగులో దాచి నాకే అప్పజెబుతున్నావా? నాన్న పరువు నీకొక్కదానికేనా? నాకు లేదా?

నలభై మూడేళ్ళు ఆయన్ని తలెత్తి చూశాను. ఎవరైనా అంకె తప్పితే "మా నాన్న అయితేనా" అని వాళ్ళ మీద ఎగిరాను. నన్ను ఇంత వెర్రివాణ్ణి చేయాల్సిన అవసరం మీ ఇద్దరికీ ఏమొచ్చింది?

ఇక రాయకు.

*

మందుల షాపు వెనక గది
శుక్రవారం

చిన్నోడా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ రాసి ఊరుకుంటాను.

నీ కోపం న్యాయమైనదే. కానీ దానిలో ఒక మాట మాత్రం నిజం కాదు. నేను చెప్పకపోయినా నీకొక మనిషి చెప్పాడు. రెండుసార్లు కొలిచి మరీ చెప్పాడు. నాకంటే ముందు చెప్పాడు.

నీ రేకుల గది ఉత్తరం ఇందులో పెట్టాను. నకలు తీసి ఉంచుకోలేదు. చించేస్తావో, ఎవరికైనా చూపిస్తావో నీ ఇష్టం. చించేస్తే నేను నిన్ను అడగను. నేను అడిగే స్థితిలో లేను కూడా.

అక్క

*

ఇల్లు
ఆదివారం, తొమ్మిది రోజుల తరువాత

అక్కా,

చించేద్దామనే అనుకున్నాను. అబద్ధం ఎందుకు? రెండు రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. బుధవారం లెవెలాయన భార్య ఆఫీసుకి వచ్చింది, ఆయన కళ్ళజోడు బల్ల సొరుగులో ఉండిపోయిందట. ఆయన రాలేక ఆవిడని పంపాడు. ఎదురుగా నేనే ఉన్నాను. ఆవిడకి నేనెవరో తెలియదు. "సార్, మా ఆయన మంచివాడండి, ఇలా ఎందుకు చేశాడో మాకు చెప్పడం లేదండి" అంది. నేను సొరుగు తీసి కళ్ళజోడు ఇచ్చాను. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది, అక్కా.

గురువారం విచారణ సంఘం ముందు నువ్వు తిప్పి పంపిన నా ఉత్తరం పెట్టాను. ఆరుగురు నవ్విన సంగతి కూడా చదివి వినిపించాను. ఆ ఆరుగురిలో ఇద్దరు అక్కడే ఉన్నారు, కిటికీలోంచి బయటికి చూశారు. మెట్టు కదిపిన సంగతి చెప్పాను. ఎలా తెలిసిందని అడిగితే, ఇంట్లో తెలిసిందన్నాను. ఆయన సస్పెన్షన్ ఎత్తేశారు. నన్ను ప్లాన్ నుంచి తప్పించారు. ట్యాంకు మూతి పగలగొట్టి ఏడంగుళాలు దించుతారు, వేరేవాళ్ళు. తప్పించడమే సబబు.

నిన్న ఆ సస్పెన్షన్ ఎత్తేసిన కాగితం పట్టుకుని లెవెలాయన ఇంటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. వాకిట్లో కుర్చీ వేశాడు, తను నిలబడ్డాడు. కూర్చోండి అంటే కూర్చోలేదు. తప్పంతా నాదే అని రాసి ఇచ్చాను, మీ మీద మచ్చ పోయింది అని చెప్పాను. కాగితం మొత్తం చదివి మడతపెట్టాడు.

"ముప్పయి మూడేళ్ళలో నేను తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే సార్. రాయమన్నది మీరే, నిజమే. పెన్ను నా చేతిలో ఉంది కదా. రాయనంటే ఏమయ్యేది? బదిలీ చేసేవారు. ఇంకో ఏడాదేగా, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. అందుకే సంఘం ముందు మాట్లాడలేకపోయాను. మీ మీద కోపంతో కాదు."

క్షమించమన్నాను. ఆయన, "ఆ సందులోవాళ్ళ దగ్గరికి వెళ్ళారా?" అన్నాడు. లేదన్నాను. చెప్పులేసుకుని, "పదండి" అన్నాడు.

ఇద్దరం నడిచే వెళ్ళాం. గోడల మీద నడుమెత్తున నీటి చార ఇంకా ఉంది. బైండింగు ఆయన లేడు. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉబ్బిపోయిన పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని, చిన్న కత్తితో పేజీకి పేజీ విడదీస్తోంది. ఒక్కో పేజీ మధ్య పాత కాగితం ముక్క పెడుతోంది. పక్కన ఇంకా రెండు గుట్టలున్నాయి. నేను వాలు, మూతి, ఏడంగుళాలు అంటూ ఏవేవో మొదలుపెట్టాను. ఆవిడ చేతిలో పని ఆపలేదు.

"అవన్నీ నాకెందుకండీ? ఇలా అవుతుందని ముందే తెలుసా మీకు?" అంది.

"నాకు తెలుసమ్మా" అన్నాడు లెవెలాయన.

"ఆయన నాకు చెప్పారు. నేను వినలేదు" అన్నాను.

అప్పుడు తలెత్తి మా ఇద్దర్నీ చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "మరి ఇంకెవరికైనా తెలుసా?" అంది.

ఇంకెవరికీ తెలియదు అన్నాను.

నీ పేరు చెప్పలేకపోయాను. నేనూ ఆయనా ఎలాగూ బజారున పడ్డాం, నువ్వెందుకు అనుకున్నాను. నీమీద అరిచిన దానికి ఇదన్నా చేస్తే నీ బాకీ తీరుతుందనిపించింది. ఆవిడ మళ్ళీ పని చూసుకుంది.

తమ్ముడు

*

మందుల షాపు వెనక గది
బుధవారం

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నాలుగు ముక్కల్లో ఎంత పని చేశావురా, అనుకున్నాను. చివరికి వచ్చేసరికి మాత్రం ఏడుపు ఆగిపోయింది. "ఇంకెవరికీ తెలియదు." నాన్న కోసం నేను చేసింది నువ్వు నా కోసం చేశావు. నీకిది ఎవరు నేర్పారో వెతుక్కోనక్కర్లేదు.

వద్దురా చిన్నోడా. ఇక్కడితో ఆపుదాం.

దీంతో ఇంకో కవరు పెట్టాను. అంటించలేదు, నువ్వు చదవాలని. చదివాక అంటించి ఆవిడ చేతికి నువ్వే ఇవ్వాలి. పోస్టులో వేయొద్దు. నువ్వు అబద్ధం చెప్పావని అందులో రాశాను. ఆవిడ చదువుతుంటే ఎదురుగా నిలబడటం కష్టమే. నిలబడు.

పై శనివారం సెలవు పెట్టాను. నేనూ వస్తున్నాను.

అక్క

*

మందుల షాపు వెనక గది
బుధవారం

అమ్మా,

మీకు నేనెవరో తెలియదు. మీ సందు ముందున్న క్వార్టర్సులో పుట్టి పెరిగినదాన్ని. మీ దగ్గరికి వచ్చిన ఇంజనీరుకి అక్కని.

ఇంకెవరికైనా తెలుసా అని మీరు అడిగారట. ఎవరికీ తెలియదని మా తమ్ముడు చెప్పాడు. అది అబద్ధం. నన్ను కాపాడటానికి చెప్పాడు.

నాకు తెలుసు. ఈ కొలతలన్నిటికీ మొదలైన మా వాకిటి మెట్టు ఎత్తిన రోజు నుంచీ తెలుసు. ఎత్తింది మా నాన్న, ఇటుకలు అందించింది నేను. మా ఇంట్లోకి నీళ్ళు రాకూడదని ఎత్తుకున్నాం. ఈ ఎండాకాలం, వానలకు రెండు నెలల ముందు, ఆ మెట్టు కదిపారా అని నన్ను అడిగారు. అవును అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. మా నాన్న పేరు పోతుందని రాయలేదు. మీ గదిలో పుస్తకాలున్నాయని, మీ అత్తగారు మంచంలో ఉన్నారని నాకు తెలియదు. తెలిస్తే రాసేదాన్నని చెప్పుకోవాలని ఉంది. కానీ ఎవరో ఒకరు ఉంటారని తెలియదా నాకు? సందు అన్నాక మనుషులుంటారు.

మీరు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు నా దగ్గరుంది కాబట్టి రాశాను. శనివారం మీ గడప దగ్గరికి వస్తాను. లోపలికి రానివ్వకపోయినా ఫరవాలేదు. పేజీలు విడదీయడం నాకు రాదు, చూపిస్తే చేస్తాను.